నాలుగు మూలల రవ్వ

మా అక్క కూతురికి నిశ్చితార్థం కుదిరింది. ఉంగరానికి రాయి ముందే కొనేశారు. అర కేరెట్ ప్రిన్సెస్ కట్ వజ్రం, పైనుంచి చూస్తే నలుచదరం, ఒక్కో అంచు నాలుగున్నర మిల్లీమీటర్ల లోపు. కేరెట్ అంటే 200 మిల్లీగ్రాములు కాబట్టి దీని బరువు 100 మిల్లీగ్రాములు. మన మార్టేరు స్వర్ణ వడ్లు ఓ ఐదు గింజలు తూస్తే దాదాపు అంతే తూగుతాయి. ఆ ఐదు గింజల బరువు కోసం ఇంట్లో వారం రోజులు గొడవ. రాయిని ఎలా పొదిగించాలని.

నాలుగు సన్నటి గోళ్ల మీద, అంటే రాయిని పట్టుకునే బంగారపు కొక్కేల మీద, ఎత్తుగా నిలబెట్టించాలని అక్క పట్టు. ఫంక్షన్ హాల్లో ఆఖరి వరసకి కూడా కనబడాలట. పిల్లేమో భీమవరంలో, రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే లాబ్‌లో పనిచేస్తుంది. రోజుకి పాతికసార్లు గ్లవ్స్ తొడిగి తీసే చెయ్యి. ఫిజిక్స్ పాఠాలు చెబుతానన్న నేరానికి నన్ను నరసాపురంలో నగలు చేసే ఆచారి గారి దగ్గరికి లాక్కెళ్లారు.

"వజ్రమంత గట్టిది ఇంకోటి లేదు కదరా, దానికేమవుతుంది?" అంది అక్క దారిలో. గట్టిదనం కొలిచే మోస్ కొలబద్ద మీద వజ్రానిది 10, నిజమే. అయితే ఆ అంకె చెప్పేది గీత పడదని మాత్రమే. దెబ్బకి ఓర్చుకోవడం వేరే గుణం. సర్వి దుంగని అడ్డంగా నరకాలంటే చెమటలు పడతాయి, అదే నిలువునా గొడ్డలి వేస్తే పీచు వెంట రెండుగా చీలిపోతుంది. వజ్రంలోనూ అలాంటి దారులు నాలుగు దిశల్లో ఉన్నాయి. ఆ దిశల్లో పొరకీ పొరకీ మధ్య కార్బన్ బంధాలు తక్కువ. పాతకాలపు పనివాళ్లు పెద్ద రాళ్లని విడగొట్టిందీ ఈ కిటుకుతోనే. చిన్న గాడి చేసి, బ్లేడు ఆనించి, ఒక్క పోటు.

చదరపు రాయికి వచ్చిన చిక్కంతా మూలల దగ్గర. తగిలే బలం అంతే అయినా, అది పడే చోటు సూదిమొనంత అయితే పీడనం ఎన్నో రెట్లు పెరుగుతుంది. పైగా మూలకి వెనక దన్నుగా ఉండే సరుకే తక్కువ. ఇది మా ఇంట్లో చూసిన సంగతే. మా ఆవిడ ఉంగరంలోదీ చదరపు రాయే. కట్టినాయన గోళ్లని మూలల్లో కాకుండా పక్కల మధ్యలో పెట్టి ఇచ్చాడు, చూడ్డానికి బాగుందని మేమూ ఊరుకున్నాం. ఓ సంక్రాంతికి మినప్పప్పు రుబ్బుతుంటే రోలు అంచుకి తగిలి మూల ఎగిరిపోయింది. పది రెట్లు చూపే భూతద్దంలో చూశాను. తునక పోయినచోట మెట్లు మెట్లుగా, అద్దంలా నున్నటి చిన్న చిన్న పలకలు. చీలిక దారి కళ్లకి కట్టినట్టు కనబడింది. పాఠం చెప్పడానికి బాగా పనికొచ్చింది గానీ ఇంట్లో ఆ మాట అనలేదు.

ఇంత బెడదున్న ఆకారాన్ని ఎందుకు చెక్కుతారంటే, లాభం లెక్క. గనిలో దొరికే ముడి వజ్రం చాలాసార్లు రెండు పిరమిడ్లని అడుగులు కలిపి అతికించినట్టు ఎనిమిది ముఖాలతో ఉంటుంది. నడుం దగ్గర కోస్తే రెండు చదరాలు సిద్ధం. దాన్ని గుండ్రంగా చెక్కితే సగం పైగా పొడైపోవచ్చు, ప్రిన్సెస్ కట్‌లో 60 శాతం, ఇంకా పైనే మిగులుతుంది. 1980 ప్రాంతంలో వచ్చిన ఈ కట్ అంత వేగంగా పాకడానికి, అదే బరువు గుండ్రటి రాయి కంటే చవగ్గా దొరకడానికి ఇదో పెద్ద కారణం. (మన గోదావరి ఒండ్రు వరికే సరిపోయింది. రాళ్లన్నీ పక్కనున్న కృష్ణ పట్టుకుపోయింది, ఒకప్పుడు వజ్రాలు దొరికిన కొల్లూరుకీ పరిటాలకీ.)

ఆచారి గారు అక్క కోరిక ఓపిగ్గా విన్నారు. "మూలలు వదిలేసి కడితే ఆర్నెల్లు తిరక్కుండా మళ్లీ నా దగ్గరికే వస్తారండి, తిట్టడానికి," అన్నారు. రెండు ఇత్తడి నమూనాలు బల్ల మీద పెట్టారు. ఒకదానికి నాలుగు గోళ్లు, ఒక్కోటీ మడతపెట్టిన ఆకులా వంగి మూలని రెండు వైపులా పట్టుకుంటుంది. రెండోది బెజెల్, రాయి చుట్టూ సన్నటి గోడ లేపి అంచుని లోపలికి ఒత్తేస్తారు. రెండింట్లోనూ మూల కూర్చునే చోట గుండుసూది తలకన్నా చిన్న గుంట కనబడింది. ఎందుకని అడిగాను. బంగారాన్ని ఒత్తేటప్పుడు మూలమొన లోహానికి ఆనితే అక్కడే పుటుక్కుమంటుందట. అందుకని పక్కలు ఆనేలా, మొన మాత్రం గాల్లో ఉండేలా ముందే డ్రిల్లు పెడతారు. ఇరవయ్యేళ్లుగా పీడనం గురించి చెబుతున్నాను, ఇంత మంచి ఉదాహరణ నాకెప్పుడూ తట్టలేదు.

"చుట్టూ గోడ కడితే మెరుపేం కనబడుతుందండీ?" అని అక్క. ఇది చాలామందికి ఉన్న అనుమానమే. వజ్రంలోకి వెలుగు ఎక్కువగా పైనుంచే దిగుతుంది, అడుగు పలకలకి తగిలి పైకే తిరిగొస్తుంది. వజ్రం వక్రీభవన గుణకం 2.42. దాని అవతల గాలి ఉంటే, పలకకి లంబంగా ఉన్న గీత నుంచి కొలిచి 24 డిగ్రీలకి మించిన కోణంలో తగిలిన కిరణమంతా వెనక్కి మళ్లుతుంది. స్కూల్లో చదివిన సంపూర్ణాంతర పరావర్తనం ఇదే. అంచున సన్నటి బంగారపు గోడ ఉంటే పోయేది కొంచెమే.

అసలు మెరుపు చంపేది కొబ్బరినూనె. అడుగు పలకలకి నూనె అంటితే రాయికి అవతల గాలి ఉండాల్సినచోట నూనె ఉంటుంది. దాని గుణకం 1.45 దాకా. అప్పుడు ఆ 24 డిగ్రీల హద్దు కాస్తా 37కి జరుగుతుంది. ఈ రెంటి మధ్య కోణాల్లో పడే కిరణాలు, అంతకుముందు కంటికి చేరినవి, ఇప్పుడు అడుగునుంచి జారిపోతాయి. వజ్రానికేమో జిడ్డంటే ప్రాణం, నీళ్లంటే పడదు. దక్షిణాఫ్రికా గనుల్లో గ్రీజు పూసిన బల్లల మీదుగా కంకరని నీళ్లతో పారించేవాళ్లు, మిగతా రాళ్లు కొట్టుకుపోతే వజ్రాలు అతుక్కుపోయేవి. తలకి నూనె రాసి, చేత్తో ఆవకాయ కలిపే ఇళ్లలో ఉంగరం ఆ గ్రీజు బల్లే. అందుకని బెజెల్ కట్టినా అడుగు మూసెయ్యకూడదు. గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, మెత్తటి బ్రష్ అడుగువైపు నుంచి కూడా ఆడేలా ఉండాలి.

లోహం విషయం తొందరగానే తేలింది. ఇక్కడ కేరెట్ అంటే బరువు కాదు, బంగారం స్వచ్ఛత. 22 కేరెట్లు, అంటే 916, మెత్తన. గోళ్లు అరుగుతాయి, వంగుతాయి. 18 కేరెట్లలో 75 శాతమే బంగారం, మిగతా రాగీ వెండీ కలిసి బిగువిస్తాయి. తెల్లబంగారం వద్దని నేనే అన్నాను. రాయి రంగు జే గ్రేడు, పచ్చ బంగారంలో ఆ కాస్త పసుపుఛాయ కలిసిపోతుంది. ఇంకోటి, చెరువుల పనిలో బ్లీచింగ్ పౌడర్ తప్పదు. నికెల్ కలిపిన తెల్లబంగారాన్ని వంచి ఒత్తినచోట క్లోరిన్ తగులుతూంటే పగుళ్లొచ్చే ప్రమాదం ఉంది.

అప్పటిదాకా మాట్లాడని పిల్ల హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లాబ్ గ్లవ్స్ జత తీసింది. గోళ్ల నమూనా వేలికి పెట్టుకుని తొడిగింది, తీసింది. రెండోసారికి గ్లవ్ చిరిగింది. బెజెల్ నమూనాతో నాలుగుసార్లు తొడిగి తీసినా ఏమీ కాలేదు. "మావయ్యా, ఇది చాలు," అంది.

అక్క చిరిగిన గ్లవ్‌ని వేళ్లతో సాగదీసి చూసింది. "సరే, గోడే కట్టండి ఆచారి గారూ. కాస్త ఎత్తు మాత్రం పెట్టండి."

ఎత్తు ఎలాగూ తప్పదన్నారాయన. ప్రిన్సెస్ కట్‌కి లోతెక్కువ, వెడల్పులో 70 శాతం దాకా ఉంటుంది. మరీ కిందకి దింపితే అడుగుమొన వేలికి గుచ్చుకుంటుంది.