ఆ నెగటివ్‌లు ఎవరివి?

1971 ఏప్రిల్ 12న నలుగురు పోలీసులు సెర్చ్ వారెంట్ పట్టుకుని అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక పత్రికాఫీసుకు వచ్చారు. పత్రిక పేరు స్టాన్‌ఫర్డ్ డైలీ. రాసేది, ఫొటోలు తీసేది, నడిపేది అంతా విద్యార్థులే. పోలీసులు ఫొటో ల్యాబ్ వెతికారు. ఫైళ్ల బీరువాలు, టేబుళ్లు, చివరికి చెత్తబుట్టలు కూడా తిరగేశారు. తాళం వేసి ఉన్న వాటి జోలికి మాత్రం పోలేదు. వాళ్లకు కావలసింది ఫిల్మ్, అంటే ఫొటోల నెగటివ్‌లు. కనిపించినవి ముందు రోజు పత్రికలో అచ్చయిన ఫొటోలే. ఏమీ తీసుకోకుండానే వెళ్లిపోయారు.

అంతకు మూడు రోజుల ముందు, ఏప్రిల్ 9న, నిరసనకారులు స్టాన్‌ఫర్డ్ ఆసుపత్రి పరిపాలనా కార్యాలయాల్లో బైఠాయించి, వరండాకు రెండు వైపులా తలుపులు మూసి సామాన్లు అడ్డం పెట్టారు. పోలీసులు పడమటి తలుపు బద్దలుకొట్టి లోపలికి వెళ్తుంటే, తూర్పు తలుపు దగ్గరున్న తొమ్మిది మంది పోలీసుల మీద కొందరు కర్రలతో విరుచుకుపడ్డారు. తొమ్మిది మందికీ దెబ్బలు తగిలాయి. కొట్టినవాళ్లలో ఇద్దరినే గుర్తుపట్టగలిగారు. తూర్పు వైపు పోలీసు ఫొటోగ్రాఫర్లెవరూ లేరు, విలేకరులు కూడా ఎక్కువమంది పడమటి వైపే ఉన్నారు. అయితే 11న డైలీ వేసిన ప్రత్యేక సంచికలోని ఫొటోలు చూస్తే, తీసినవాడు తూర్పు చివర నిలబడ్డాడని తెలిసిపోతోంది. అచ్చు వేసినవి కొన్నే అయితే, వేయనివి ఇంకెన్ని ఉన్నాయి? పోలీసుల అనుమానం అదే. పత్రికవాళ్లు తప్పు చేశారని వాళ్లు అనలేదు. సాక్ష్యం వాళ్ల దగ్గర ఉండొచ్చన్నారు, అంతే.

ఆ అనుమానానికి ఆధారం లేకపోలేదు. నిరసనకారులకు శిక్ష పడేలా చేసే ఫొటోలేవైనా ఉంటే ధ్వంసం చేస్తామని డైలీ ముందే బాహాటంగా ప్రకటించి ఉంది. ఒక పత్రిక తన నెగటివ్‌లను తనే నాశనం చేస్తానని ఎందుకు చెప్పాల్సి వచ్చింది? దానికి ఓ పదేళ్లు వెనక్కి వెళ్లాలి.

1962 వేసవిలో షికాగో విశ్వవిద్యాలయంలో చరిత్ర చదువుతున్న డానీ లయన్ కెమెరా మెడలో వేసుకుని అమెరికా దక్షిణాదికి బయల్దేరాడు. జార్జియాలోని ఆల్బనీలో, విద్యార్థుల పౌరహక్కుల సంఘం స్నిక్ నాయకుడు జేమ్స్ ఫోర్మన్‌ను కలిశాడు. కెమెరా ఉందా, అయితే కోర్టు భవనంలోకి వెళ్లు, తెల్లవాళ్లకు పెద్ద వాటర్ కూలర్, దాని పక్కనే నల్లవాళ్లకు చిన్న తొట్టి ఉంటాయి, ఫొటో తీసుకురా అని పంపాడు ఫోర్మన్. కుర్రవాడు వెళ్లి తీసుకొచ్చాడు. మరుసటి ఏడాది లీస్‌బర్గ్ అనే చోట, నిరసనల్లో పట్టుకున్న నల్లజాతి బాలికలను ఒక పాత చెరసాలలో పడేసి ఉంచితే, కాపలావాడి కన్నుగప్పి ఊచల బయటినుంచి వాళ్లను ఫొటోలు తీశాడు. లోపల మంచాల్లేవు, మరుగుదొడ్డి పనిచేయదు. ఆ ఫొటోలు బయటికొచ్చాకే సంగతి లోకానికి తెలిసింది.

లయన్ ఉద్యమం తరఫున ఫొటోలు తీసినవాడు. ఆ మాట దాచుకోలేదు. కాలేజీ పత్రికల్లో పనిచేసే కుర్రాళ్ల పరిస్థితి అంత తేలిక కాదు. వాళ్లు పొద్దున క్లాసులో పక్కన కూర్చున్నవాళ్లనే మధ్యాహ్నం ఊరేగింపులో ఫొటో తీయాలి, రాత్రికి మళ్లీ అదే హాస్టల్‌కు వెళ్లాలి. బయటినుంచి వచ్చే పెద్ద పత్రికల ఫొటోగ్రాఫర్‌కు ఈ బాధ లేదు. అతనికి లేని సౌకర్యం కూడా వీళ్లకుంది. ఏ మెట్లు ఎక్కితే ఏ కిటికీ దగ్గరికి చేరతామో వీళ్లకు తెలుసు. 1968 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయ విద్యార్థులు ఐదు భవనాలను ఆక్రమించినప్పుడు లోపలి జీవితం, అంటే ఆ నిద్రలు, వాదనలు, కిటికీల్లోంచి అందుకునే తిండి పొట్లాలు, బయటి ప్రపంచానికి తెలిసింది ఎక్కువగా లోపలున్న కెమెరాల వల్లే.

పరికరాలు కూడా అప్పటికి చేతికందాయి. 35 ఎంఎం కెమెరా జోలె సంచీలో పడుతుంది. కొడాక్ ట్రై-ఎక్స్ ఫిల్మ్ ఉంటే ఫ్లాష్ లేకుండా గదిలోనూ, పొగలోనూ తీయొచ్చు. వెలుతురు చాలకపోతే కడిగేటప్పుడు ఇంకాసేపు రసాయనంలో ఉంచి సర్దుకోవచ్చు. బొమ్మ గరుకుగా వస్తుంది, రానీ. 1967లో ఇద్దరు మాజీ కాలేజీ ఎడిటర్లు పెట్టిన లిబరేషన్ న్యూస్ సర్వీస్ వార్తలను, ఫొటోలను పోస్టులో చిన్న పత్రికలకు పంపేది. అలా ఒక క్యాంపస్‌లో తీసిన ఫొటో ఇంకో క్యాంపస్‌కు చేరేది.

తర్వాత కెంట్ స్టేట్. ఇక్కడ కాసేపు ఆగాలి.

1970 ఏప్రిల్ 30న అధ్యక్షుడు నిక్సన్ వియత్నాం యుద్ధంలో భాగంగా కంబోడియాలోకి సైన్యాన్ని పంపుతున్నట్టు ప్రకటించాడు. క్యాంపస్‌లలో నిరసనలు మొదలయ్యాయి. ఒహాయో రాష్ట్రంలోని కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో మే 2 రాత్రి మిలిటరీ శిక్షణ భవనం తగలబడింది, నేషనల్ గార్డ్ అనే రాష్ట్ర రిజర్వు దళం సైనికులు దిగారు. ఫొటో జర్నలిజం చదువుతున్న జాన్ ఫిలో ఆ శని, ఆదివారాలు ఊళ్లో లేడు. పెన్సిల్వేనియాలో చెట్లూ ఆకులూ ఫొటోలు తీసుకుంటున్నాడు. తిరిగొచ్చి, అసలు ఘట్టం చేజారిపోయిందే అని ఉసూరుమన్నాడు. మే 4, సోమవారం మధ్యాహ్నం 12:24కు 28 మంది సైనికులు 13 సెకన్ల పాటు కాల్పులు జరిపారు. 60కి పైగా తూటాలు. నలుగురు విద్యార్థులు చనిపోయారు, తొమ్మిది మంది గాయపడ్డారు. ఉత్త శబ్దాల తూటాలేమో అనుకుని ఫిలో తన వైపు తుపాకీ గురిపెట్టిన సైనికుడి మీదికి కెమెరా ఎత్తాడు. పక్కనున్న ఇనుప శిల్పానికి తూటా తగిలి తుప్పు పొడి లేచాక గాని అవి నిజం తూటాలని అర్థం కాలేదు. ఆ తర్వాత తీశాడు, నేలమీద బోర్లా పడి ఉన్న జెఫ్రీ మిల్లర్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని చేతులు చాపి అరుస్తున్న అమ్మాయిని. పక్క రాష్ట్రంలో తను పార్ట్‌టైమ్‌గా పనిచేసే చిన్న పత్రిక ఆఫీసుకు కారు నడుపుకుంటూ వెళ్లి, అక్కణ్ణుంచి ఆ బొమ్మను అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ వైర్‌లో పంపాడు. 1971లో దానికి పత్రికారంగంలో పేరున్న పులిట్జర్ బహుమతి వచ్చింది.

కెంట్‌లో ఆ రోజు కెమెరా పట్టుకున్న విద్యార్థి ఫిలో ఒక్కడే కాదు. హోవర్డ్ రఫ్నర్ లైఫ్ పత్రికకు తీశాడు. గాయపడిన విద్యార్థి చుట్టూ మూగిన స్నేహితుల ఫొటో మే 15 సంచిక ముఖచిత్రమైంది. జాన్ డార్నెల్ తీసిన దాంట్లో సైనికులు వెనక్కి తిరిగి కాలుస్తుండటం కనిపిస్తుంది. గుంపు చుట్టుముట్టడంతో ప్రాణభయంతో కాల్చామని సైనికులు చెప్పారు. న్యాయశాఖ పరిశీలనలో అలా చుట్టుముట్టలేదని తేలింది. చనిపోయినవాళ్లలో అందరికంటే దగ్గర ఉన్న మిల్లర్ కూడా 260 అడుగుల పైనే దూరంలో ఉన్నాడు. అధ్యక్షుడు నియమించిన స్క్రాంటన్ కమిషన్ ఆ కాల్పులను అనవసరమైనవని, క్షమించరానివని అంది.

ఇంత చూశాక జనం విద్యార్థుల పక్షానికి వచ్చారనుకుంటాం. రాలేదు. అప్పట్లో న్యూస్‌వీక్ పత్రిక కోసం గ్యాలప్ సంస్థ చేసిన సర్వేలో 58 శాతం తప్పు విద్యార్థులదే అన్నారు, గార్డ్‌దన్నవాళ్లు 11 శాతం. ఫొటో చూస్తే జనం మనసు మారుతుందన్న మాట మనం తరచూ వింటాం, నాకు దానిమీద పెద్ద నమ్మకం లేదు. ఈ అంకెలు అందుకు ఒక కారణం. అక్టోబరులో రాష్ట్ర గ్రాండ్ జ్యూరీ, అంటే కేసు పెట్టాలా వద్దా అని తేల్చే పౌరుల బృందం, 25 మంది మీద అభియోగాలు మోపింది. వాళ్లలో ఎక్కువమంది విద్యార్థులు, సైనికుడు ఒక్కడూ లేడు. 1971 డిసెంబరులో చాలా కేసులు సాక్ష్యం చాలక ఎత్తేశారు. సివిల్ కేసు 1979 జనవరిలో 6,75,000 డాలర్ల పరిహారంతో, సైనికుల విచార ప్రకటనతో ముగిసింది.

కెమెరా అంటే ఉద్యమకారులకు ఎందుకు భయమో చెప్పడానికి కెంట్‌లోనే ఇంకో సంగతుంది. ఆ రోజు మైదానంలో ఫొటోలు తీస్తున్న ఒక విద్యార్థి పత్రిక మనిషి కాదు. క్యాంపస్ పోలీసుల కోసం, ఎఫ్‌బీఐ కోసం తీస్తున్నాడు, దగ్గర తుపాకీ కూడా ఉంది. అతనితో సంబంధం లేదని మొదట బుకాయించిన ఎఫ్‌బీఐ తర్వాత ఒప్పుకుంది. దూరం నుంచి చూస్తే అతనికీ ఫిలోకీ తేడా ఏం కనిపిస్తుంది? ఇద్దరూ కెమెరాలున్న కుర్రాళ్లే.

ఇక ఫొటోలో ఉన్న అమ్మాయి. మేరీ ఆన్ వెక్కియో. ఆ కాలేజీ విద్యార్థిని కాదు. ఫ్లోరిడాలో ఇంట్లోంచి పారిపోయి వచ్చిన 14 ఏళ్ల పిల్ల. బొమ్మ పేపర్లలో పడ్డాక ఆమెను గుర్తుపట్టి ఇంటికి చేర్చారు. అల్లర్లే వృత్తిగా పెట్టుకున్నవాళ్ల కుట్రలో ఆమె భాగమని సాక్షాత్తూ ఫ్లోరిడా గవర్నరే అన్నాడు. తిట్ల ఉత్తరాలు గుట్టలుగా వచ్చాయి. ఆమె, ఫిలో ఒకరికొకరు ఎదురుపడి మాట్లాడుకున్నది 1995లో. అదే ఏడాది లైఫ్ ఆ ఫొటోను మళ్లీ వేసినప్పుడు ఆమె తల వెనకున్న కంచె స్తంభం మాయమైంది. ఎప్పుడో 70ల మొదట్లో ఎవరో చెరిపేసిన కాపీ అది. ఫొటో అందంగా ఉండాలనుకున్నారు కాబోలు.

కెంట్ తర్వాత పది రోజులకు, మే 14 అర్ధరాత్రి దాటాక, మిసిసిపిలోని నల్లజాతి కళాశాల జాక్సన్ స్టేట్‌లో పోలీసులు విద్యార్థినుల హాస్టల్ మీదికి కాల్చారు. ఫిలిప్ గిబ్స్, జేమ్స్ ఎర్ల్ గ్రీన్ చనిపోయారు. 12 మంది గాయపడ్డారు. తెల్లవారాక తూటాలు దూరిన గోడలు, పగిలిన కిటికీల ఫొటోలు వచ్చాయి గాని, ఆ క్షణాన్ని చూపే ఫిలో ఫొటో లాంటిది లేదు. రెండేళ్ల ముందు, 1968 ఫిబ్రవరి 8 రాత్రి, సౌత్ కరోలినాలోని ఆరెంజ్‌బర్గ్‌లో ముగ్గురిని కాల్చి చంపారు. అదీ అంతే. కెంట్ పేరు తెలిసినంతమందికి ఈ రెండు పేర్లు తెలియవు. చీకటి ఒక కారణం. చనిపోయినవాళ్ల రంగు ఇంకో కారణం, దాన్ని పక్కన పెట్టి మాట్లాడటం నిజాయితీ కాదు.

మళ్లీ స్టాన్‌ఫర్డ్‌కు. డైలీ విద్యార్థులు స్టాన్‌ఫర్డ్ పక్కనున్న పాలో ఆల్టో ఊరి పోలీసు అధిపతి జుర్కర్ మీద కేసు వేశారు. కింది కోర్టులో, అప్పీలులో గెలిచారు. 1978 మే 31న సుప్రీంకోర్టులో 5-3 తేడాతో ఓడారు. జస్టిస్ వైట్ రాసిన తీర్పు సారాంశం: వారెంట్ మనిషి మీద ఉన్న అనుమానానికి కాదు, ఆ చోట వస్తువు దొరుకుతుందన్న నమ్మకానికి. పత్రిక అయినంత మాత్రాన మినహాయింపు లేదు. సోదాకు వచ్చినవాళ్లు టేబుల్ మీది నోట్సు, ఉత్తరాలు చదివేస్తే ఇక పత్రికకు ఎవరు రహస్యం చెబుతారన్నది విద్యార్థుల వాదన. ఈసారి పెద్ద పత్రికలకూ టెన్షన్ పట్టుకుంది, ఎందుకంటే ఈ తీర్పు కాలేజీ పత్రికలతో ఆగదు. 1980లో అమెరికా పార్లమెంటు, అంటే కాంగ్రెస్, చట్టం చేసింది, అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టాడు. ప్రచురణ కోసం సేకరించిన వాటి కోసం, కొన్ని మినహాయింపులు పోను, పోలీసులు సోదా చేయకూడదు. సమన్లు పంపాలి. సమన్లయితే ఇవ్వాలా వద్దా అని ముందు కోర్టులో వాదించుకోవచ్చు, చెత్తబుట్టలో చేయి పెట్టేవాళ్లు ఉండరు.

చట్టం ఆపింది పోలీసుల సోదాను. నిరసనకారుల భయాన్ని కాదు. 2015 నవంబరులో మిజోరీ విశ్వవిద్యాలయంలో నల్లజాతి విద్యార్థుల శిబిరాన్ని ఫొటో తీయబోయిన విద్యార్థి టిమ్ టైని నిరసనకారులే చేతులు కలిపి వెనక్కి నెట్టారు. ఇది బహిరంగ స్థలం, ఉండే హక్కు మీకెంతో నాకూ అంతే అని అతను వాదించాడు. అతన్ని అడ్డుకున్నవాళ్ల మాటకూ కారణం ఉంది. ఫొటోలో ముఖం పడితే ఆ తర్వాత ఎవరికి ఏమవుతుందో అప్పటికి అందరికీ తెలుసు.

2024 ఏప్రిల్ 30 రాత్రి కొలంబియాలో హామిల్టన్ హాల్‌ను పోలీసులు ఖాళీ చేయించినప్పుడు, బయటికొస్తే అరెస్టు చేస్తామని విద్యార్థి విలేకరులను పక్క భవనాల్లోనే ఆపేశారు. 1968లో పోలీసులు అదే భవనాన్ని ఖాళీ చేయించింది కూడా ఏప్రిల్ 30నే. 2024 జూన్ 5న స్టాన్‌ఫర్డ్‌లో నిరసనకారులు విశ్వవిద్యాలయ అధ్యక్షుడి కార్యాలయంలోకి చొరబడ్డారు. అరెస్టయిన 13 మందిలో ఒకడు స్టాన్‌ఫర్డ్ డైలీ విలేకరి, మొదటి సంవత్సరం విద్యార్థి. వార్త కోసం వెళ్లాడని పత్రిక చెప్పింది. అతని మీద కేసు పెట్టబోమని జిల్లా ప్రాసిక్యూటర్ ప్రకటించేసరికి 2025 మార్చి వచ్చింది.