కల్లు ఈగలూ జ్ఞాపకశక్తీ

వరంగల్ పల్లెల్లో గీత కార్మికుడు తాటిచెట్టు దిగి లొట్టి కింద పెట్టీ పెట్టకముందే ఎర్రకళ్ల చిన్న ఈగలు ముసురుకుంటాయి. పులుస్తున్న కల్లు వాసన వాటికి అంత ఇష్టం. మామిడిపండులో గుడ్లు పెట్టి రైతును ఏడిపించే పండు ఈగ వేరు; ఇది డ్రోసోఫిలా. చేయి విదిల్చి తోలేసే ఈ ప్రాణికి చదువు అబ్బుతుందని 1974లో అమెరికాలోని విశ్వవిద్యాలయం కాల్టెక్‌లో సీమోర్ బెంజర్, విలియం క్విన్ తదితర శాస్త్రవేత్తలు చూపించారు.

ఒక వాసన చూపిస్తూ ఈగలకు కరెంటు షాక్ ఇస్తారు. రెండో వాసన చూపించినప్పుడు ఏమీ చేయరు. ఆ తర్వాత పరీక్షిస్తే చాలా ఈగలు మొదటి వాసన జోలికి పోవు. అన్నీ కాదు; ఏ తరగతిలోనైనా అంతే కదా!

ఇక జన్యువుల సంగతి. రసాయనంతో జన్యువులను చెడగొట్టి, పుట్టిన సంతతికి ఇదే పరీక్ష పెట్టారు. 1976 నాటికి 'డన్స్' అనే మొద్దు ఈగ దొరికింది. దానికి వాసన తెలుస్తుంది, షాక్ తగిలినట్టూ తెలుస్తుంది, ఆ రెండింటికీ ముడి మాత్రం పడదు. కణంలో కబుర్లు మోసే సైక్లిక్ ఏఎంపీ అనే అణువును విరగ్గొట్టే ఎంజైము దానిలో దెబ్బతిన్నదని తర్వాత తేలింది. మరో మొద్దు ఈగ 'రుటబాగా'లో అదే అణువును తయారుచేసే ఎంజైము పాడయింది. ఒకదానిలో సరుకు పేరుకుపోయింది, రెండోదానిలో చాలలేదు. చదువు మాత్రం రెండింటికీ రాలేదు. మెదడులో పుట్టగొడుగు ఆకారంలో ఉండే భాగాల్లో వాసన కబురూ డోపమిన్ అనే మెదడు రసాయనం తెచ్చే షాక్ కబురూ ఒకేసారి చేరినప్పుడు ముడి వేసేది రుటబాగా ఎంజైమేనని శాస్త్రవేత్తల భావన.

'అమ్నీసియాక్' కథ ఇంకా తమాషా. ఈ ఈగ పాఠం నేర్చుకుంటుంది, త్వరగా మరిచిపోతుంది. 1998లో కొందరు పరిశోధకులు జ్ఞాపకం ఊసే లేకుండా, ఆల్కహాల్ ఆవిరికి తొందరగా తూలిపోయే ఈగలను వెతికారు. దొరికినదానికి 'చీప్‌డేట్' అని పేరు పెట్టి జన్యువును చూస్తే, అది అమ్నీసియాకే! మరపూ మత్తూ ఒకే జన్యువు దగ్గర కలిశాయి.

అందుకే 'జ్ఞాపకశక్తి జన్యువు దొరికింది' అన్న శీర్షిక కనబడితే నాకు నమ్మబుద్ధి కాదు. సైక్లిక్ ఏఎంపీ మన గుండెలో అడ్రినలిన్ కబురునూ మోస్తుంది. డన్స్ ఎంజైముకు మనలో ఉన్న చుట్టాలను అడ్డుకునే రోఫ్లుమిలాస్ట్ అనే మందును డాక్టర్లు రాసేది మతిమరుపుకు కాదు, సీఓపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బుకు.