రిగ్ డిజైన్‌లో ఆ అల ఎత్తు ఎక్కడిది?

నల్గొండ ఇంజినీరింగ్ కాలేజీల్లో స్ట్రక్చర్స్ చదివే పిల్లలు ఎవరైనా ఆఫ్‌షోర్ ప్రాజెక్టు, అంటే సముద్రంలో చమురు తవ్వే రిగ్ లేదా ప్లాట్‌ఫామ్ డిజైన్ తీసుకుంటే, సాఫ్ట్‌వేర్‌లో వేవ్ హైట్ (అల ఎత్తు) దగ్గర ఒక నంబర్ కొట్టి రన్ చేసేస్తారు. అదెక్కడిదంటే "కోడ్‌లో ఉంది సార్" అంటారు, అంటే డిజైన్ నియమాల పుస్తకంలో. సరే, కోడ్‌లోకి ఎలా వచ్చింది?

సూత్రం వరకైతే పాతదే. 1950లో మోరిసన్, ఆయన బర్క్‌లీ యూనివర్సిటీ సహచరులు నీళ్లలో నిలబెట్టిన స్తంభం మీద పడే బలాన్ని రెండు ముక్కలు చేశారు: ఒకటి నీటి వేగం వల్ల, ఇంకోటి ఆ వేగం మారడం వల్ల. వేగం రెట్టింపైతే మొదటి ముక్క నాలుగింతలవుతుంది. సన్నటి కాళ్లున్న ప్లాట్‌ఫామ్‌లకు ఇప్పటికీ ఇదే ఆధారం.

గొడవంతా ఎంత అల అన్న దగ్గరే. మెక్సికో గల్ఫ్‌లో మొదట్లో చాలావాటిని పాతికేళ్లకోసారి వచ్చే అలకే కట్టారు, ఆ తర్వాత 1964లో హిల్డా, 1965లో బెట్సీ, 1969లో కెమిల్ తుఫాన్లు వరసగా వచ్చి ప్లాట్‌ఫామ్‌లను కూల్చేసరికి వందేళ్ల అలకు మారారు. అదీ పెద్ద భరోసా ఏం కాదు. ఏటా ఒక శాతం అవకాశమంటే, పాతికేళ్లు నిలిచే కట్టడానికి ఆ అల ఒక్కసారైనా తగిలే అవకాశం దాదాపు 22 శాతం.

అసలు ఎత్తు ఒక్కటే చూస్తే సరిపోదని 1980 మార్చి 27న నార్త్ సీలో తెలిసొచ్చింది. అలెగ్జాండర్ కీలాండ్ రిగ్‌కు ఐదు కాళ్లు. వాటిని పట్టి ఉంచే ఒక అడ్డు గొట్టానికి సోనార్ పరికరం బిగించడానికి పెట్టిన చిన్న ప్లేటు, దానికి 6 మిల్లీమీటర్ల వెల్డింగ్. లోడ్ మోసే భాగం కాదు కదా అని ఎవరూ పట్టించుకోలేదు. అక్కడ మొదలైన పగులు మామూలు అలల తాకిడికే పెరిగి పెరిగి గొట్టం తెగింది, కాలు ఊడింది, రిగ్ తిరగబడి 123 మంది పోయారు. ఆ రోజు గాలి మరీ భీకరమేం కాదు. ఇలా చిన్న తాకిడే పదేపదే పడి లోహం బలహీనపడే అలసట (ఫెటీగ్) లెక్కను డిజైన్‌లో సీరియస్‌గా తీసుకోవడం దీని తర్వాతే బాగా పెరిగింది.

1989 నవంబర్‌లో థాయ్‌లాండ్ సింధుశాఖలో సీక్రెస్ట్ అనే డ్రిల్‌షిప్‌ను (చమురు బావులు తవ్వే ఓడను) ముంచిన గే తుఫానే, ఇటు దాటొచ్చి మన కావలి దగ్గర తీరం తాకింది. 1995 జనవరి 1న నార్త్ సీలోని డ్రాప్నర్ ప్లాట్‌ఫామ్ దగ్గర 25.6 మీటర్ల అలను లేజర్ కొలిచాక, నావికులు చెప్పే రాకాసి అలలు కట్టుకథలు కాదని తేలింది.

2021 మే 17న తౌక్టే తుఫానులో ముంబై హై చమురు క్షేత్రం దగ్గర మునిగిన పీ-305 మాత్రం రిగ్ కాదు, లంగర్లతో ఆపి ఉంచే వసతి బార్జ్, అంటే పనివాళ్లు ఉండే బల్లపరుపు ఓడ. లంగర్లు తెగితే స్తంభాల లెక్కలేవీ దాన్ని కాపాడలేవు, హెచ్చరిక రాగానే ఒడ్డుకు చేర్చడమే దారి. పాలమూరు వైపు నుంచి వెల్డర్లుగా, ఫిట్టర్లుగా వెళ్లేవాళ్లు కాంట్రాక్టర్ని జీతంతో పాటు ఇది కూడా అడగండి: తుఫాను హెచ్చరికొస్తే బార్జ్‌ను వెనక్కి తెమ్మని చెప్పేదెవరు, ఎన్ని గంటల ముందు?