తుపాను తరువాత నీరు, ఇంధనం: అపోహలు - వాస్తవాలు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు నగరమంతటా కరెంటు పోయింది. మోటార్లు ఆగిపోయి కుళాయిలు ఎండిపోయాయి, బంకుల ముందు జనం బారులు తీరారు. నీటికొరత, ఇంధనకొరత వేర్వేరు కష్టాలుగా కనిపించినా రెండింటికీ మూలం కరెంటేనన్న సంగతి, నీటి సరఫరా పనిలో ఉన్న మాకు ప్రతి తుపానులోనూ తెలిసివస్తూనే ఉంటుంది. ప్రజల్లో పాతుకుపోయిన కొన్ని నమ్మకాలు ఆ కష్టాన్ని మరింత పెంచుతున్నాయన్న ఆవేదనతో ఇది రాస్తున్నాను.

అపోహ: బంకు మూసి ఉందంటే పెట్రోలు నిండుకున్నట్టే.

వాస్తవం: పెట్రోలు భూమిలోపలి ట్యాంకులో ఉంటుంది, దానిని పైకి తోడే పంపు కరెంటుతో నడుస్తుంది. అందువల్ల జనరేటరు లేని బంకు, ట్యాంకు నిండుగా ఉన్నా మూతపడుతుంది. కూలిన చెట్లను తొలగించి దారి చేసేదాకా కొత్త సరుకూ రాదు. ఆ రెండు మూడు రోజుల్లో అవసరం లేనివారు కూడా భయంతో బండ్లు నింపుకుంటే ఆసుపత్రి జనరేటరుకు, నీళ్ల ట్యాంకరుకు అందవలసిన ఇంధనం అందకుండా పోతుంది. వాతావరణ శాఖ కనీసం 48 గంటల ముందే హెచ్చరిస్తుంది కనుక బండి నింపుకోవలసిన సమయం అదే. సీసాలలో పెట్రోలు పట్టి ఇంట్లో దాచడం మాత్రం ఎన్నడూ వద్దు. దాని ఆవిరి గాలికన్నా బరువైనది కావడంతో నేలబారుగా పాకి పొయ్యిని చేరుతుంది.

అపోహ: మరిగించిన నీరే సురక్షితం, అదీ పావుగంటసేపు మరగాలి.

వాస్తవం: నీరు తెర్లడం మొదలయ్యాక ఒక్క నిమిషం చాలు. మిగిలిన పద్నాలుగు నిమిషాల గ్యాసు, సిలిండరు ఎప్పుడు వస్తుందో తెలియని రోజుల్లో, ఒక పూట వంటకు సరిపోవచ్చు. పైగా నిప్పు అక్కరలేని మార్గం క్లోరిన్. తేటనీరు వెయ్యి లీటర్లకు మంచి బ్లీచింగ్ పౌడరు రెండున్నర గ్రాములు సరిపోతుంది. దానిని ముందుగా కొద్ది నీటిలో కలిపి, పౌడరులోని సున్నం అడుగుకు దిగాక పైతేటను మాత్రమే ట్యాంకులో పోసి గంటసేపు ఆగాలి. అప్పటికి క్లోరిన్ వాసన లీలగానైనా రాకపోతే మరొకసారి అంతే మోతాదు వేయాలి, ఎందుకంటే చెమ్మ తగిలిన పాత పౌడరుకు బలం ఉండదు. పంచాయతీ సిబ్బంది వద్ద క్లోరోస్కోపు (నీటిలో మిగిలిన క్లోరిన్‌ను కొలిచే పరికరం) ఉంటే లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలిందో లేదో చూపించమని అడగండి. అలా అడగడం మీ హక్కు.

అపోహ: పటిక వేస్తే నీరు శుద్ధి అయినట్టే.

వాస్తవం: పటిక మట్టిని దింపుతుందే తప్ప క్రిములను నమ్మదగినంతగా తొలగించదు. అయితే బురదనీటిలో క్లోరిన్ మురికితోనే ఖర్చయిపోతుంది కనుక ముందు పటిక, తరువాత వడపోత, ఆ పైన క్లోరిన్ అన్న వరుస పాటించాలి. ఉప్పును గాని, నీటిలో కలిసిన డీజిలును గాని వీటిలో ఏదీ తొలగించలేదు.

అపోహ: ఉప్పెన నీరు చేరిన బావిని అదేపనిగా తోడిపోస్తే మంచినీరు ఊరుతుంది.

వాస్తవం: తీరంలో మంచినీరు ఉప్పునీటి మీద పలుచని పొరగా నిలుస్తుంది, అతిగా తోడితే అడుగునున్న ఉప్పు పైకి వస్తుంది. 2004 సునామీ తరువాత శ్రీలంక తూర్పు తీరంలో జరిగిన పొరపాటు ఇదే. బావిలో చేరిన నీటిని, బురదను మెల్లగా తీసివేసి, ఆ తరువాత వర్షాలు ఉప్పును కడిగివేసేవరకు తాగడానికి ట్యాంకరు నీటినే వాడడం మేలు.

అపోహ: అపార్ట్‌మెంటులో జనరేటరు ఉంది కాబట్టి నీటికి దిగులు లేదు.

వాస్తవం: చాలాచోట్ల ఆ జనరేటరు లిఫ్టుకు, దీపాలకు మాత్రమే కలిపి ఉంటుంది. బోరు మోటారుకు కూడా కలిపి ఉన్నదో లేదో, దాని భారాన్ని మోయగలదో లేదో తుపాన్ల కాలానికి ముందు, సెప్టెంబరులోనే ఎలక్ట్రీషియనుతో చూపించుకోండి. డీజిలు కొద్దిగా ఉన్నప్పుడు లిఫ్టు ఆపి, ముందుగా పై ట్యాంకు నింపండి. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు కాబట్టి చిన్న జనరేటరునైనా వరండాలో గాని, మెట్లకింద గాని నడపకుండా, కిటికీలకు కనీసం ఇరవై అడుగుల దూరంలో ఆరుబయటే ఉంచండి.