టంకం తీయాలంటే ముందు టంకం పెట్టాలి

లాసన్స్ బే కాలనీలో, సముద్రానికి రెండు వీధుల ఇవతల ఉంటాం. కిటికీ గ్రిల్లుకి ఎన్నిసార్లు రంగు వేసినా తుప్పు పడుతుంది. విశాఖ ఉప్పు గాలి అలాంటిది. ఇంట్లో చేసుకున్న చిన్న ఆంప్లిఫయర్ బోర్డునీ అది వదల్లేదు. మొన్న వేసవిలో స్పీకర్ గుయ్యిమనడం మొదలుపెట్టింది. మూత తీస్తే కొన్ని అతుకుల చుట్టూ రాగి పచ్చబడి ఉంది. ఆ గుయ్యిమనే హమ్‌కి కారణం మాత్రం పక్కనే కనిపించింది: కరెంటుని కాసేపు దాచి ఉంచే 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ తల ఉబ్బిపోయింది.

కెపాసిటర్ చవకే, కొత్తది దొరుకుతుంది. పాతది ఊడదీసేటప్పుడు కాపాడుకోవాల్సింది దాని కాలు కింద ఉన్న రాగి ప్యాడ్‌ని, అంటే కాలు అతికి ఉండే చిన్న రాగి బిళ్లని. మామూలు బోర్డుల్లో ఆ రాగి రేకు మందం 35 మైక్రాన్లు, అంటే వెంట్రుక కంటే పలచన. చిక్కు ఎక్కడంటే, ఫైబర్‌గ్లాస్ బోర్డులో రాగిని పట్టి ఉంచే రెసిన్ సుమారు 130-140 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలవుతుంది. కాలుని ప్యాడ్‌కి అతికించే లోహం, అదే టంకం (సోల్డర్), కరగడానికేమో కనీసం 183 డిగ్రీలు కావాలి. అంటే వేడి తప్పదు, తగ్గించుకోగలిగింది సమయాన్నే. మూడు నాలుగు సెకన్లలో పని అయిపోవాలి. కంగారులో కాలు పట్టి లాగితే ప్యాడ్ కూడా లేచి వచ్చేస్తుంది. నా మొదటి బోర్డు అలాగే పోయింది, ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

పాత అతుకు మీద సోల్డరింగ్ ఐరన్ మొన పెడితే ఎంతకీ కరగదు. పైన ఆక్సైడ్ పొర ఉంటుంది, మొన ఒక్క చుక్క మేర మాత్రమే తాకుతుంది, మధ్యలో గాలి. అందుకే ముందు కొత్త టంకం కొంచెం పెట్టాలి. షాపులో ‘లెడ్’ అని అడిగితే ఇచ్చే టంకం తీగ లోపల రోజిన్ అనే చెట్టు బంక ఉంటుంది, అది ఆక్సైడ్‌ని తొలగిస్తుంది. కరిగిన టంకం సందుల్లోకి పారి వేడిని ఒక్కసారిగా లోపలికి చేరుస్తుంది.

ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాళ్లని చూశారా? కాలిన గిన్నెలో నవాసారం చల్లగానే తెల్లటి పొగ లేస్తుంది, ఆ తర్వాతే తగరం గిన్నెకి అంటుకుంటుంది. నవాసారం అక్కడ చేసే పనే ఇక్కడ రోజిన్ చేస్తుంది. తగరం ఒక్కటే అయితే 232 డిగ్రీల దగ్గర, సీసం 327 దగ్గర కరుగుతాయి. 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం కలిపితే 183కే కరిగిపోతాయి! ఫ్యాక్టరీల్లో వాడే సీసం లేని టంకానికి 217 పైన కావాలి. దానికి ఈ లెడ్ తీగ టంకం కలిస్తే అదీ తక్కువ వేడికే కరుగుతుంది.

మిగిలిన టంకాన్ని రాగి జడతో తీశాను. అతుకు మీద జడ పరిచి పైన ఐరన్ ఆనిస్తే, దీపంలో వత్తి నూనె పీల్చినట్టు సన్నని రాగి పోగుల మధ్యకి టంకం ఎక్కుతుంది. ప్లస్ కాలు వెంటనే ఊడింది. మైనస్ కాలు మొండికేసింది. అది గ్రౌండ్‌కి, అంటే బోర్డులోని మైనస్ కనెక్షన్లన్నీ కలిసే వెడల్పాటి రాగి పలకకి, కలిసి ఉంటుంది కదా, ఇచ్చిన వేడినంతా ఆ పలక లాగేసుకుంటుంది. అక్కడ సన్న మొన పనికిరాదు. వెడల్పు మొన పెట్టి ఇంకాస్త టంకం పోశాక కదిలింది.

బోర్డుని కిటికీ వైపు ఎత్తి చూస్తే రెండు రంధ్రాల్లోంచీ వెలుతురు, చుట్టూ ప్యాడ్లు చెక్కుచెదరకుండా ఉన్నాయి. కొత్త కెపాసిటర్ మీద మైనస్ గుర్తుగా ఉండే చార మైనస్ వైపే ఉందని రెండుసార్లు సరిచూసి అతికాను. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో జిడ్డు తుడిచి, సముద్రపు గాలి తగలకుండా పారదర్శకంగా ఉండే వార్నిష్ ఒక పూత వేశాను.