బోర్డర్ కోలీ అల్లరి: అపోహలు – వాస్తవాలు

ముచ్చటపడి బోర్డర్ కోలీ జాతి కుక్కపిల్లను తెచ్చుకున్న కోనసీమ, భీమవరం ప్రాంతాల కుటుంబాలు, అది ఏడెనిమిది నెలల వయసుకు రాగానే ‘ఇంట్లో ఎవరినీ నిలవనివ్వడం లేదండీ’ అంటూ పశువైద్యుడినైన నా దగ్గరకు తీసుకువస్తుంటాయి. ఇంగ్లండ్, స్కాట్లాండ్ సరిహద్దు కొండల్లో గొర్రెల మందలను మళ్లించడానికి తరతరాలుగా ఏరి పెంచిన జాతి ఇది. 1893లో పుట్టిన ఓల్డ్ హెంప్ అనే కుక్కను ఈ జాతికి మూలపురుషుడిగా చెబుతారు. కాపరి ఈలను బట్టి దూరం నుంచే మందను నడిపించగల కుక్కకు మన ఇంట్లో ఏ పనీ లేకపోతే, అది తనకు తోచిన పనిని తానే వెతుక్కుంటుంది.

అపోహ: ఎంత పరిగెత్తిస్తే అంత బుద్ధిగా ఉంటుంది.

వాస్తవం: గంటల తరబడి బంతి విసిరితే దాని దమ్ము పెరుగుతుందే గాని ఉద్రేకం చల్లారదు, పైగా ఎదిగే వయసులో పదేపదే దూకించడం, ఒక్కసారిగా మలుపు తిప్పించడం కీళ్లకు మంచిది కాదు. నడక, ఆట తప్పక ఉండాలి, కానీ వాటితో పాటు బుర్రకు పని కావాలి. డ్రై ఫుడ్‌ను గిన్నెలో పెట్టే బదులు పెరటి గడ్డిలో చల్లి గాని, కొబ్బరి డొక్కల కింద దాచి గాని వాసన పట్టి వెతుక్కోనివ్వండి. డొక్కను నమిలి పీచు మింగకుండా మాత్రం దగ్గరుండి చూడాలి. వస్తువుల పేర్లు నేర్పి, అడిగినది తెమ్మనండి. అమెరికాలో ఛేజర్ అనే బోర్డర్ కోలీ 1,022 బొమ్మలను పేరుతో గుర్తుపట్టిందంటే వీటి గ్రహణశక్తి ఎంతటిదో ఊహించవచ్చు. ఒక్కో పాఠం అయిదు నిమిషాలకు మించనక్కర్లేదు. ఇంతకన్నా ముఖ్యమై ఉండి కూడా చాలామంది వదిలేసేది, దానికి ఊరుకోవడం నేర్పడం: అరుగు మీద ఒక చాప వేసి, దానిపై ప్రశాంతంగా పడుకున్న ప్రతిసారీ నెమ్మదిగా ఒక తినుబండారం పెడుతూ ఉంటే, విశ్రాంతి కూడా తన పనిలో భాగమేనని అది గ్రహిస్తుంది.

అపోహ: సైకిళ్ల వెంట, పిల్లల వెంట పడేది కోపంతోనే, నాలుగు దెబ్బలు వేస్తే మానుతుంది.

వాస్తవం: అది సాధారణంగా మందను మళ్లించే స్వభావమే. కాలువ గట్టున లేగదూడ, కోతలయ్యాక చేలో దిగిన బాతుల మంద, మలుపు తిరిగే మోటారు సైకిల్, కదిలేది ఏదైనా దానికి ఒకటే. కొడితే భయం పుట్టి, నిజంగానే కరిచే కుక్కగా మారే ప్రమాదముంది. ‘ఒకసారి బాతులను తోలనిస్తే సరదా తీరిపోతుంది’ అనుకోవడం కూడా పొరపాటే, ఎందుకంటే తరమడంలోనే దానికి ఆనందం ఉంది కనుక ప్రతి అవకాశం ఆ అలవాటును బలపరుస్తుంది. పొడవాటి తాడుతో నడిపిస్తూ, తల దించి, కదిలేదానిపై చూపు నిలపకముందే పిలిచి, తిరిగి వస్తే మెచ్చుకోండి.

అపోహ: బొచ్చు గొరిగిస్తే ఎండలోనూ ఆడించవచ్చు.

వాస్తవం: ఆ బొచ్చు చర్మాన్ని ఎండ నుంచి కాపాడుతుంది. కుక్క చల్లబడేది ప్రధానంగా రొప్పడం ద్వారా. డెల్టాలోని ఉక్కపోతలో దాని నాలుక మీది తేమ త్వరగా ఆరదు, కాబట్టి ఒళ్లు సరిగా చల్లబడదు. రోహిణి కార్తెలో సూర్యోదయానికి ముందే నడక ముగించండి. కోలీ తనంతట తాను ఆట ఆపదు కాబట్టి మీరే ఆపాలి. అది తూలితే వెంటనే ఒళ్లు తడిపి, గాలి తగిలేలా చేసి, వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లండి.

అపోహ: అల్లరి మితిమీరితే మత్తుమందు వేయించడమే మార్గం.

వాస్తవం: మత్తు ఏమీ నేర్పదు. అంతేకాక కోలీ జాతుల్లో ఎండీఆర్1 అనే జన్యువులో లోపం కనిపిస్తుంది. పొడవు ముఖపు రఫ్ కోలీలలో ఇది ఎక్కువ, బోర్డర్ కోలీలలో అరుదు. లోపమున్న కుక్కకు ఏస్‌ప్రోమజిన్ వంటి మత్తుమందు మామూలు మోతాదులోనే అతిగా పనిచేస్తుంది. పిడుదుల కోసం పశువులకు వేసే ఐవర్‌మెక్టిన్ సూది వేస్తే ప్రాణానికే ముప్పు. ఏ మందు వేయించే ముందైనా ఇది కోలీ అని వైద్యుడికి తప్పక చెప్పండి; వీలైతే జన్యు పరీక్ష చేయించండి.