ఆరు శాతం అనే అంచనా

కెనడాలో మూలవాసుల బాలల, కుటుంబ సేవా సంస్థలు డేటా అనలిస్టు కోసం ఇచ్చే ప్రకటనల్లో ఎక్సెల్, ఎస్‌క్యూఎల్ పక్కన తరచూ మరో మాట కనిపిస్తుంది: ఓక్యాప్. అది సాఫ్ట్‌వేర్ కాదు. ఒక జాతి తన లెక్కలు తన చేతిలోనే ఉండాలని పెట్టుకున్న షరతు. అంత పట్టుదల ఎందుకో తెలియాలంటే 1907 దాకా వెళ్లాలి.

ఆ ఏడాది ఇండియన్ వ్యవహారాల శాఖ వైద్యాధికారి పీటర్ బ్రైస్ రెసిడెన్షియల్ స్కూళ్ల తనిఖీకి బయలుదేరాడు. (ఆ 'ఇండియన్' మనం కాదు, అక్కడి మూలవాసులను అప్పట్లో అలా పిలిచేవారు. ఆ స్కూళ్లూ మనవాళ్లు సీటు కోసం ప్రవేశ పరీక్ష రాసే గురుకులాల వంటివి కావు. పిల్లలను తల్లిదండ్రుల నుంచి, భాష నుంచి విడదీయడానికే పెట్టినవి.) బ్రైస్ ప్రశ్నపత్రాలు పంపితే 15 స్కూళ్లు జవాబిచ్చాయి. వాటిలో లెక్కకు వచ్చిన 1,537 మంది పిల్లల్లో దాదాపు నాలుగోవంతు చనిపోయారు. ప్రధాన కారణం క్షయ. లెక్కలు పక్కాగా ఉన్న ఒక స్కూల్లోనైతే, చదివి బయటికి వచ్చినవారిలో 69 శాతం మంది బతికి లేరు. ఆయన చెప్పిన మార్పులను ప్రభుత్వం పట్టించుకోలేదు. లెక్కను పక్కన పెట్టారంతే.

1951లో ఇండియన్ చట్టానికి వచ్చిన సవరణతో ప్రావిన్సుల చట్టాలు రిజర్వుల (మూలవాసులకు కేటాయించిన ప్రాంతాల) మీదా అమలయ్యాయి. అప్పటినుంచి పిల్లలను తీసుకెళ్లడానికి సంక్షేమ శాఖ కార్లు ఆ ఊళ్లకు రావడం మొదలైంది. బ్రిటిష్ కొలంబియాలో 1955లో ప్రభుత్వ సంరక్షణలో ఉన్న 3,433 మంది పిల్లల్లో మూలవాసులు 29 మంది. 1964కి వారి సంఖ్య 1,446, అంటే మొత్తంలో మూడోవంతు. తొమ్మిదేళ్లలో అంతమంది తల్లిదండ్రులు చెడ్డవాళ్లయిపోరు కదా! పిల్లల్లో చాలామందిని వేరే ప్రావిన్సులకు, అమెరికాకు దత్తత ఇచ్చేశారు. 1983లో పరిశోధకుడు పాట్రిక్ జాన్‌స్టన్ ఈ అంకెలను ఒకచోట చేర్చి చూపిస్తూ దీన్ని 'అరవైల ఊడ్చివేత' అన్నాడు. రెండేళ్లకు మానిటోబా న్యాయమూర్తి ఎడ్విన్ కిమెల్మన్ ఇది సాంస్కృతిక జాతిహననం అని తన నివేదికలో రాశాడు.

తర్వాత సేవలను ఫస్ట్ నేషన్స్ (కెనడా మూలవాసుల్లో ప్రధాన వర్గం) సంస్థలే నడపడం మొదలైంది. డబ్బు మాత్రం ఫెడరల్ ప్రభుత్వానిది, ఎంత ఇవ్వాలో తేల్చే సూత్రమూ దానిదే. అసలు చిక్కు ఇక్కడుంది. ప్రతి సంస్థ పరిధిలోనూ ఆరు శాతం పిల్లలు సంరక్షణలో ఉంటారని ఆ సూత్రం ముందే అనుకుంది. వెయ్యి మంది పిల్లలున్న చోట నిజంగా నూట యాభై మంది ఉన్నా, సూత్రం కంటికి అరవై మందే. ఆడిటర్ జనరల్ 2008లో పరిశీలిస్తే ఈ శాతం ఒక్కోచోట ఒక్కోలా, సున్నా నుంచి 28 వరకు ఉంది. పైగా అప్పట్లో కుటుంబాన్ని నిలబెట్టే పనులకు ఇచ్చే సొమ్ముకు పరిమితి ఉండేది. బిడ్డను బయట ఉంచితే అయ్యే ఖర్చు మాత్రం ఎంతైతే అంత తిరిగి వచ్చేది. కారుతున్న ఇంటి పైకప్పు బాగుచేయించడానికి పైసా ఉండేది కాదు. అదే ఇంటి బిడ్డను తీసుకెళ్లి పరాయి ఇంట్లో పెడితే రోజుకింత చొప్పున బిల్లు చెల్లేది. ఫైలులో కారణం అన్న గడిలో మాత్రం 'నిర్లక్ష్యం' అని ఉండేది. ఎవరి నిర్లక్ష్యమో రాయడానికి గడి ఉండేది కాదు.

2007లో మూలవాసి బాలల హక్కుల కోసం పోరాడే సిండీ బ్లాక్‌స్టాక్ నడిపే సంస్థ, ఫస్ట్ నేషన్స్ జాతీయ సంఘమైన అసెంబ్లీ ఆఫ్ ఫస్ట్ నేషన్స్ కలిసి మానవ హక్కుల ఫిర్యాదు వేశాయి. ఇది వివక్షేనని 2016 జనవరిలో ట్రిబ్యునల్ తేల్చింది. 2023లో కోర్టు ఆమోదించిన పరిహార ఒప్పందం విలువ 2,300 కోట్ల డాలర్లకు పైమాటే. ఈలోగా, 2015లో, రెసిడెన్షియల్ స్కూళ్ల చరిత్రను విచారించిన ట్రూత్ అండ్ రికన్సిలియేషన్ కమిషన్ తన 94 కార్యాచరణ పిలుపుల్లో రెండోదాన్ని లెక్కలకే కేటాయించింది: ఎంతమంది పిల్లలు, ఏ కారణంతో, ఎంత ఖర్చుతో సంరక్షణలో ఉన్నారో ఏటా ప్రచురించాలని.

2021 జనగణన ప్రకారం ఫోస్టర్ సంరక్షణలో (పరాయి ఇళ్లలో) ఉన్న 15 ఏళ్లలోపు పిల్లల్లో 53.8 శాతం మూలవాసులే. ఆ వయసు పిల్లల మొత్తం జనాభాలో వారి వాటా 7.7 శాతం. ఇదీ ఇళ్లలో ఉన్నవారి లెక్కే. గ్రూప్ హోముల్లోని పిల్లలు ఇందులోకి రారు.

ఓక్యాప్ 1998లో ఫస్ట్ నేషన్స్ ఆరోగ్య సర్వే పనిలో పుట్టింది. పిల్లల లెక్కల్లో దానికంత పట్టుదల ఎందుకో ఈ చరిత్ర చెబుతుంది. సమాచారం మీద యాజమాన్యం, నియంత్రణ, అందుబాటు, స్వాధీనం ఆ సమాజానివే అన్నది దాని సారం. 2020 జనవరి 1న అమల్లోకి వచ్చిన ఫెడరల్ చట్టం మూలవాసులు పిల్లల సేవలపై సొంత చట్టాలు చేసుకునే హక్కును గుర్తించింది. 2024లో కెనడా సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. సొంత చట్టం అంటే సొంత రిజిస్టరు కూడా. ఆ రిజిస్టరు నడిపే అనలిస్టుకు తొలి చిక్కు కోడింగులో ఎదురుకాదు. తల్లి ఆస్పత్రిలో ఉంటే అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న బిడ్డను 'సంరక్షణలో' అని రాయాలా, 'ఇంట్లో' అని రాయాలా? ప్రావిన్సు నమూనా ఒకటంటుంది, ఊరి పెద్దలు మరొకటంటారు. నివేదిక బయటికి పంపేటప్పుడు ఇంకో చిక్కు. మూడు వందల మంది ఉన్న ఊళ్లో ఒక గడిలో '3' అని ఉంటే ఆ ముగ్గురూ ఎవరి పిల్లలో ఊరందరికీ తెలిసిపోతుంది. అందుకే ఆ గడి ఖాళీగా పోతుంది. అసలు అంకె ఊరి దగ్గరే ఉంటుంది.